దవడకు తీగ, నొప్పికి బేరం

ప్రతి తెలుగువాడూ జీవితంలో ఒక్కసారైనా దవడ ఆపరేషన్ చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి. నేనింకా సరిగ్గా నవ్వలేను కాబట్టి నా ముందు నవ్వడం మర్యాద కాదు!

ఆగిరిపల్లి రోడ్డులో మామిడికాయల ట్రాక్టర్‌ని తప్పించబోయి బండి మీద నుంచి పడ్డాను. దవడ విరిగింది. పైపళ్ళనీ కిందిపళ్ళనీ కలిపి తీగతో కట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. పెళ్ళయ్యాక ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండడం ఇదే మొదలని మా ఆవిడ సీతారావమ్మ ఫోన్లో అందరికీ చెప్పింది.

ఇక వైద్యవిజ్ఞానం మాటేమిటి? పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఒక నొప్పి మాత్ర పేరూ, ఒక బుట్ట రసాలూ తెచ్చారు. పక్కింటి సుసన్నా టీచరుది పారాసెటమాల్ పార్టీ. ఆవిడ మోకాలికి అదే పనిచేసిందట. ఎదురింటి జోజిబాబుది ఐబుప్రొఫెన్ పార్టీ. ఆయన నడుముకు అదే దిక్కట. నా దవడను పక్కనపెట్టి మోకాలూ నడుమూ గంటసేపు వాదించుకున్నాయి. వాదిస్తూ నా రసాలు కూడా వాళ్ళే జుర్రేశారు. ఇంతటి ఉచిత సెమినార్ హైదరాబాదులో దొరుకుతుందా?

అసలు అదృష్టం మా బావమరిది బసవపున్నారావు. నూజివీడులో మామిడి వ్యాపారం. పెదవి కదపకుండా, తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుని ధర తేల్చే మనిషి.

మొదటి వారం చెకప్‌కి తోడొచ్చాడు. "నొప్పి పదికి ఎంతండీ? ఎక్కువుంటే గట్టి మాత్ర రాస్తాను," అన్నారు డాక్టరుగారు. ఎనిమిది వేళ్ళు చూపించాను. బసవపున్నారావు అలవాటు కొద్దీ నా చేతులు పట్టుకుని రెండు వేళ్ళు మడిచాడు.

"ఎనిమిదేంటి బావగారూ, ఎవరిస్తారు? ఆరనుకోండి."

తల అడ్డంగా ఊపాను. ఇంకోటి మడిచాడు. మూలిగాను.

"సరే, మీ మాటా కాదు, నా మాటా కాదు. నాలుగు. ఖాయం చేసుకోండి డాక్టరుగారూ."

ఎనిమిదికీ ఐదుకీ మధ్య నాలుగెలా వస్తుందో అడగడానికి నాకు నోరేదీ? నాలుగుకి పారాసెటమాలే వచ్చింది. సుసన్నా టీచరు గెలిచారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. సగానికి తెగ్గొట్టానని బావమరిది మాత్రం మార్కెట్టంతా చెప్పుకున్నాడు.

నిన్న తీగలు తీశారు. బేరగాడు పక్కన లేడు. డాక్టరుగారు సూటిగా నన్నే చూసి, "ఇన్నాళ్ళూ నొప్పి ఎలా ఉండేదండీ?" అని అడిగారు. ఆరు వారాల మాటలన్నీ కూడగట్టుకుని నోరు తెరిచాను.

"అస్సలు లేదండీ," అంది సీతారావమ్మ. "ఉంటే చెప్పేవారు కదా. ఆరు వారాల్లో ఒక్క మాటైనా అన్లేదు."