ఉప్పునీళ్ళ మర్యాద

మీ బోరులో నీళ్ళు తియ్యగా ఉన్నాయా? అయ్యో! మీ మీద నాకు జాలిగా ఉంది.

మాది గాజువాక. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే సముద్రంలో మునిగి లేచినట్టుంటుంది. బీచ్‌కి వెళ్ళడానికి ఆటో ఎక్కే పనే లేదు!

నమ్మరా? అయితే సాక్ష్యాలు వినండి. మా బావమరిది దుర్గారావు పదిరోజులు ఉందామని పెట్టెతో దిగాడు. ఒక్కసారి తలస్నానం చేశాడు. జుట్టు కొబ్బరిపీచయింది. సాయంత్రమే రైలెక్కేశాడు. కిందటి వేసవిలో పై ఫ్లాట్‌లో దూరిన దొంగకి దాహమేసింది. కుళాయి తిప్పాడు. ఒక్క గుక్క! ఆ కేకకి అపార్ట్‌మెంటంతా లేచింది. ఏ వాచ్‌మన్ ఇంత పని చేస్తాడో చెప్పండి?

పప్పు ఉడకదన్న మాట నిజమే. ఈ నీళ్ళ గొప్పతనం విషయంలో మా ఆవిడ నాగమణి నాతో ఏకీభవించదు. కానీ మా ఉప్పు మామూలు ఉప్పు కాదు. అది సాక్షి!

ఈ రహస్యం రెండువేల మూడు ఎండాకాలంలో బయటపడింది. చెప్పింది మా బోరు పరీక్షకి యూనివర్సిటీ నుంచి వచ్చిన అనూరాధగారు. వాన నీళ్ళలో ఎప్పుడూ చిటికెడు ఉప్పుంటుందట. నేల తడిపిన నీరు ఎండకి ఆవిరైపోతుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. వాన బాగా ఇంకితే బోరులో ఉప్పు పలచన. ఇంకకపోతే చిక్కన. వానలో ఉప్పునీ, బోరులో ఉప్పునీ పక్కపక్కన పెట్టి చూస్తే, వానలో ఎన్నో వంతు భూమిలోకి దిగిందో తేలిపోతుంది. నేరస్థుడు పరారైనా వేలిముద్రలు దొరికినట్టన్నమాట!

"మీకు ట్యాంకర్ పంపాలో వద్దో మున్సిపాలిటీవాళ్ళు ఈ రిపోర్ట్ చూసే నిర్ణయిస్తారు సార్. బోరు కాసేపు నడిపి, ఈ సీసా నింపి ఇవ్వండి," అని మా సెక్రటరీకి చెప్పి, మేడమీద వాన పట్టడానికి తను పెట్టిన గిన్నె చూసుకోడానికి వెళ్ళిందావిడ.

అప్పటికి మూడేళ్ళుగా సరైన వాన లేదు. ట్యాంకరే మా ప్రాణం. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవారు మా సెక్రటరీ నరసింహమూర్తిగారు. గోదావరి జిల్లా మనిషి. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయనేం చేశారో ఊహించగలరా? సీసా గేటు పక్కనే ఉన్న తన ఇంట్లోకి తీసుకెళ్ళి, బిందెలోని తియ్యటి ట్యాంకర్ నీళ్ళు నింపారు!

గేటు దగ్గర చేపల గంప దించుకుంటున్న పోతమ్మ చూడనే చూసింది.

"ఏటి బాబూ! ఆయమ్మ తాగడానికి అడిగిందేటి? పరీచ్చకి గదా!"

"ఎందుకైతేనేమే? ఇంటికొచ్చిన ఆడకూతురి చేతిలో ఆ ఉప్పు కషాయం పెడతామా? మా వైపు తెలిస్తే పరువుంటుందా?"

"ఉంచుకోండి బాబూ. రేపు ఆ పరువే బిందెల్తో అట్టుకుందురు గాని!"

రిపోర్ట్ వచ్చింది. మా నేల వానని అమోఘంగా తాగుతోందట! ఇంత అదృష్టవంతులకి ట్యాంకరెందుకు? ఆగిపోయింది.

"పరువు పోసి పప్పు ఉడికించనా?" అని అడిగింది నాగమణి. నేను పేపర్ చదువుతున్నట్టు నటించాను.

వారం తిరక్కుండా నరసింహమూర్తిగారు అనూరాధగారికి ఫోన్ చేసి నిజం ఒప్పేసుకున్నారు. ఈసారి ఆవిడ సీసా ఎవరి చేతికీ ఇవ్వలేదు. తనే పట్టింది, తనే మూతపెట్టింది.

అసలు లెక్క తేలింది. పడిన వానలో భూమిలోకి దిగుతున్నది మూడో వంతో, నాలుగో వంతో కాదు, వంద చుక్కలకి మూడే చుక్కలు!

"సార్, మీ ఆవరణలో మట్టి ఎక్కడుంది?" అందావిడ.

మంచి ప్రశ్న! అందరం వెతికాం. గోడ నుంచి గోడ దాకా సిమెంటే. పార్కింగ్‌లో టైల్స్. చివరికి గేటు పక్కన దొరికింది. ట్యాంకర్ ఆగేచోట, పోతమ్మ గంప దించుకునేచోట, చాపంత మట్టి.

"వాన లోపలికి పోడానికి మీకున్న దారి ఇదొక్కటే. దీన్ని కాపాడండి. వీలైతే చుట్టూ ఇంకాస్త సిమెంట్ తీసేసి గుంట తవ్వించండి," అని చెప్పి వెళ్ళిందావిడ. ఆ మర్నాడే ట్యాంకర్ మళ్ళీ వచ్చింది. పండగే పండగ!

ఆదివారం మీటింగ్ పెట్టుకున్నాం. అనూరాధగారికి ధన్యవాదాలు తెలిపాం. ఆ తర్వాత నరసింహమూర్తిగారు ఆ మట్టి సంగతెత్తారు. అక్కడ బురదవుతోంది. ఇంటికొచ్చేవాళ్ళ కాళ్ళకి అంటుకుంటోంది. మర్యాదగా ఉంటుందా? ఏకగ్రీవంగా టైల్స్ వేయించేశాం.

మొన్న కూడా వాన వచ్చింది. గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. గెడ్డ కాలువలో పడి సముద్రం వైపు వెళ్ళిపోయింది.

దాని వెనకే ట్యాంకర్ వచ్చింది. అందరం బిందెలు పట్టుకుని ఎదురెళ్ళాం.