మా ఇంటి లాప్‌టాప్ సమ్మె

ముందే చెబుతున్నాను, ఆ లాప్‌టాప్ దానంతట అదే వేడెక్కింది. నేనే వేడెక్కించానని మా ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా చెప్పుకుంటోంది. మీరు నమ్మకండి. అది చల్లారకుండా ఉండటానికి మాత్రం నేను కొంచెం కష్టపడ్డాను. అది వేరే సంగతి.

రెండువేల పదకొండు, సెప్టెంబరు నెల. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, గనుల్లో బొగ్గు తీసేవాళ్లు లేరు కాబట్టి మా ఇంట్లో కరెంటూ సరిగ్గా లేదు. మా ఆవిడ సంధ్యారాణిది నల్లగొండ జిల్లా. ఎల్బీనగర్ దగ్గర సర్కారు బడిలో సైన్సు టీచరు. కాబట్టి సమ్మెలో ఉంది. నాది తెనాలి. వనస్థలిపురంలో మా మేనమామ రామమోహనరావు గారి రియల్ ఎస్టేటు ఆఫీసులో బ్రోచర్లు తయారు చేస్తాను. ఆ రోజుల్లో ప్లాట్లు కొనే నాథుడే లేడు. అంటే నేనూ సమ్మెలో ఉన్నట్టే, నినాదాలు లేవంతే.

మాది మేమే చూసుకుని చేసుకున్న పెళ్లి. మా అమ్మ వెంకాయమ్మ మా దగ్గరే ఉంటుంది. ఇంట్లో రెండు రకాల తెలుగు వినిపిస్తుంది గానీ గొడవల్లేవు. నేను ఏ రకంలో మాట్లాడినా అత్తాకోడళ్లిద్దరూ వినరు.

సంగతేమిటంటే, ఆదివారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం టెంటు కింద సంధ్య మాట్లాడాలి. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు కోపంగా ఉన్నారు. మీ సమ్మె మీకు బాగానే ఉంది, మా పిల్లల పరీక్షల గతేంటని నిలదీస్తున్నారు. సమ్మె అయిపోయాక ఆదివారాలు కూడా బడి నడుపుతామని, ఏ వారం ఏ పాఠం చెబుతారో తేదీలతో సహా చదివి వినిపించి వాళ్లకు మాట ఇవ్వాలి. ఆ కాగితమంతా సంధ్య మా లాప్‌టాప్‌లో టైపు చేస్తోంది.

గురువారం మధ్యాహ్నం మామయ్య ఫోను చేశాడు.

"ఏరా అల్లుడూ, మీ ఆవిడ ఆదివారం టెంటులో ఉపన్యాసం ఇస్తుందటగా?"

"అబ్బే, ఎవరు చెప్పారు మామయ్యా?"

"ఎవరు చెబితే ఏం? టీవీ వాళ్లు వస్తున్నారట. నేను పొద్దున్నించీ టీవీ ముందే కూర్చుంటాను. మన ఇంటి కోడలు అందులో కనబడిందో, సోమవారం నుంచి నువ్వు నా ఆఫీసులో కనబడవు."

'నువ్వు మాట్లాడొద్దు' అని సంధ్యకు చెప్పే ధైర్యం నాకు లేదు. పెళ్లినాటి నుంచీ లేదు. ఏం చేయాలా అని గోళ్లు కొరుక్కుంటుంటే, సాయంత్రం లాప్‌టాప్ అట్లపెనంలా కాలిపోయి, గుర్రుగుర్రుమని గురకపెట్టి, టక్కున ఆరిపోయింది. మళ్లీ వేస్తే పావుగంటకు మళ్లీ ఆరిపోయింది. నా ప్రాణం లేచి వచ్చింది.

"మెయిన్ రోడ్డు మీద దశరథ దుకాణం ఉంది గదా. జర తీస్కపోయి చూపించుండ్రి," అంది సంధ్య.

"దుకాణం ఎందుకు? ట్రబుల్‌షూటింగ్ నేనే చేస్తాను."

"మీరు షూటింగ్ జేస్తే ట్రబులే మిగుల్తది."

"నేనెవరనుకున్నావ్?"

"మొన్న గీజరు బాగుచేసినోరు. గప్పటిసంది పొయ్యి మీద నీళ్లు కాగబెట్టుకుంటున్నం."

నేను పట్టించుకోలేదు. మొదటి చికిత్సగా విశ్రాంతి రాశాను. ఇరవై నాలుగు గంటలు ఎవరూ ముట్టుకోకూడదన్నాను.

"గిది ఏడ చదివిండ్రు?"

"ఇంటర్నెట్‌లో."

"ఇంటర్నెట్ వచ్చేదే గా లాప్‌టాప్‌ల. అది బందై గంటయింది. ఎప్పుడు చదివిండ్రు?"

సైన్సు టీచర్లను పెళ్లి చేసుకోవడంలో ఇదే ఇబ్బంది.

అరగంట తర్వాత చూద్దును కదా, లాప్‌టాప్‌కు రెండు వైపులా రెండు లావుపాటి నోటుపుస్తకాలు పెట్టి, దాన్ని ఎత్తు మీద కూర్చోబెట్టి హాయిగా టైపు చేసుకుంటోంది. "కింద గాలి ఆడాలె. మీరు రోజూ దిండు మీద పెట్టుకొని సినిమాలు చూస్తరు. గాలి పోయే తోవ మూసుకపోతే ఉడకదా మరి?" అంది. మొదటి పేజీ అయిపోయింది కూడా.

ఆమె స్నానానికి వెళ్లగానే నోటుపుస్తకాలు తీసేసి, అడుగున నా టర్కీ తువ్వాలు నాలుగు మడతలు పెట్టాను. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏరా, దానికి తువ్వాలు చుడుతున్నావేం? జలుబు చేసిందా?"

"చికిత్సమ్మా."

"చేసేవాడికి కావాలి," అంటూ అమ్మ లోపలికి పోయింది.

శుక్రవారం ఉదయానికి తువ్వాలు బాల్కనీలో ఆరేసి ఉంది. లాప్‌టాప్ కింద నోటుపుస్తకాలు ఉన్నాయి. రెండో పేజీ కూడా అయిపోయింది. ఇక లాభం లేదని అసలు అస్త్రం తీశాను. లోపల దుమ్ము పేరుకుపోయింది, విప్పి తీరాలన్నాను. వాళ్లు ఔననేలోపే కుట్టుమిషను స్క్రూడ్రైవరు పట్టుకుని హాల్లో పేపరు పరిచి కూర్చున్నాను. పద్నాలుగు మరలు విప్పాను. ఒక్కొక్క భాగాన్నీ వరసగా పేర్చాను. చెమటలు పడుతున్నాయని టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను బటన్ ఆపడం మర్చిపోయి మంచినీళ్లు తాగడానికి లేచాను.

కరెంటు వచ్చింది.

పేపరు లేచింది. మరలు లేచాయి. సోఫా కింద ఎనిమిది, టీవీ వెనక ఐదు, అమ్మ చేటలో చెరుగుతున్న పెసరపప్పులో ఒకటి దొరికాయి. "రాళ్లు ఏరటం చూశాను గానీ మరలు ఏరటం ఇదే మొదలురా పట్టాభీ," అంది అమ్మ.

సంధ్య అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నేల మీద పరుచుకున్న ముక్కల్ని చూసి, నా ఎదురుగా కింద కూర్చుంది.

"మామయ్య ఫోను జేసిండా?"

నేను చేతిలో ఉన్న మరను చొక్కాకు తుడవటం మొదలుపెట్టాను.

"మీకు ఇష్టం లేకుంటే లేదని నా మొకం మీద చెప్పుండ్రి. మిషిను మీద పెట్టి చెప్పకుండ్రి. గా పిల్లల అమ్మానాయినలు నన్ను అడుగుతున్నరు. నేను జవాబు చెప్పాలె. కాయితం ఉన్నా పోత, లేకున్నా పోత."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ ఉద్యోగం గుర్తొచ్చి మూసుకున్నాను.

శనివారం పొద్దున నేను లేచేసరికి అత్తాకోడళ్లిద్దరూ కూరగాయలకు వెళ్లారు. ఆ సమయంలోనే మామయ్య మళ్లీ ఫోను.

"అల్మాస్‌గూడ వెంచరు బ్రోచరు సోమవారం పొద్దున నా బల్ల మీద ఉండాలి. మలక్‌పేట నుంచి పార్టీ వస్తోంది. ఇన్నాళ్లకు ఒక్కడు కదిలాడు."

రెండు నెలల నుంచి చేసిన ఆ బ్రోచరు ఉన్నది ఆ లాప్‌టాప్‌లోనే! సంధ్య కాగితం ఆపాలన్న తొందరలో నా పొట్ట నేనే కొట్టుకున్నాను.

గబగబా అన్నీ బిగించాను. మూడు మరలు మిగిలాయి. స్విచ్చి నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్క ఒకటి వచ్చి, లోపల ఏమీ దొరకలేదని చెప్పింది. పదిసార్లు నొక్కాను, పదిసార్లూ అదే చెప్పింది. లాప్‌టాప్‌ను కూరగాయల సంచిలో దాచుకుని దశరథ దుకాణానికి పరుగెత్తాను. బందు వల్ల షట్టరు సగం దించి ఉంటే వంగి దూరాను.

దశరథ అడుగు భాగం విప్పి, చిన్న పట్టకారుతో ఫ్యానులోంచి బూడిదరంగు దూది ఉండ ఒకటి లాగాడు. దాని వెనక ఇంకొకటి వచ్చింది. వస్తూనే ఉంది.

"ఏంది సార్ గిది? లాప్‌టాపా, పరుపా?"

"దిండు మీద పెట్టుకుంటాను లెండి. అది సరే, స్టార్టు ఎందుకు కావడం లేదు?"

అతను లోపలికి చూసి, నా వంక చూసి, మళ్లీ లోపలికి చూశాడు. "ఎట్లయితది సార్? గిందుల హార్డ్ డిస్కే లేదు."

"లేదా? ఏమైంది?"

"మీ మేడం పొద్దుగాల డిస్కు ఒక్కటే తెచ్చిన్రు గదా. పెద్దమ్మ గూడ వచ్చింది. గండ్లకెల్లి మేడం కాయితాలు ప్రింటు కొట్టిచ్చిన, రెండు వందల కాపీలు తీస్కపోయిన్రు. డిస్కు గూడ తీస్కపోయిన్రు." నవ్వు ఆపుకోలేక తల దించుకుని, "సారు ఒస్తే ఆదివారం టెంటు కాడికి రమ్మను అని చెప్పిన్రు," అన్నాడు.

నేల మీది భాగాల్లో డిస్కు లేదన్న సంగతి కూడా గమనించకుండా నేను బిగించుకొచ్చానన్నమాట!

ఆదివారం ఎల్బీనగర్ దాకా నడిచి వెళ్లాను. టెంటు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలో, సరిగ్గా కెమెరా ఎదురుగా, మా అమ్మ విసనకర్రతో కూర్చుని ఉంది. సంధ్య మైకు ముందు నిలబడి, ఏ ఆదివారం ఏ పాఠమో ఒక్కొక్కటే చదువుతోంది. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "గిట్ల చెప్పి ఎగ్గొట్టరని ఏంది గ్యారంటీ?" అని అడిగాడు.

"నేను సంతకం పెట్టిన కాయితం మీ చేతుల ఉంది. పాఠం చెప్పకుంటే బడి ముందల మీరే టెంటు వెయ్యిండ్రి. నేనే వచ్చి అండ్ల కూసుంట," అంది సంధ్య.

టెంటంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆపుకోలేకపోయాను.

అప్పుడు ఆమె నన్ను చూసింది. "ఇంకో మాట. ఆదివారం ఒచ్చే పిల్లలకు పొద్దున టిఫిను మా ఇంట్లకెల్లి ఒస్తది. చేసేది మా ఆయన. తెనాలాయన. అగో, ఆడ నిలబడ్డడు."

నేను పారిపోయేలోపు ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు. కెమెరా నా వైపు తిరిగింది. జేబులో ఫోను మోగింది.

"ఏరా! దండ కూడానా?" మామయ్య గొంతు పక్కవాళ్లక్కూడా వినిపించింది.

అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఒరేయ్ రామూ, నేనురా అక్కయ్యని. రాష్ట్రం ఒకటో రెండో నాకు తెలీదు, మీరూ మీరూ తేల్చుకోండి. పిల్లల చదువు సంగతి నాకు తెలుసు. పదో తరగతి మూడుసార్లు తప్పితే నిన్ను రాత్రింబవళ్లు కూర్చోబెట్టి ఎవరు చదివించారు? నేను కాదూ? నా కోడలు మంచి మాట చెబుతోంది, నేను చప్పట్లు కొడుతున్నాను. పట్టాభిని ఉద్యోగంలోంచి తీశావో, నీ ఆఫీసు ముందు నేను టెంటు వేస్తాను. కోడలు మైకు తెస్తుంది."

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడైంది. సోమవారం బ్రోచరు ఇచ్చినప్పుడు మామయ్య దాన్ని మాత్రమే చూశాడు, నన్ను చూడలేదు. ఉద్యోగం మిగిలింది.

ఆదివారం టెంటు బయటికి వచ్చాకే, డిస్కు ఇస్తూ సంధ్య, "ముందుగాలనే చెప్పుంటే మామయ్యతోని నేనే మాట్లాడేదాన్ని," అంది. నేను "తప్పయిపోయింది" అన్నాను. మైకులో గోల వల్ల వినిపించలేదని రెండోసారి అనిపించుకుంది.

సమ్మె ముగిసింది. మొదటి ఆదివారం నలభై రెండు మంది పిల్లలకు ఉప్మా చేసి బడికి పట్టుకెళ్లాను. అడుగు మాడింది. ముందు బెంచీలో రెండు జడల అమ్మాయి ఒకతె ఓ ముద్ద తిని, చాలాసేపు ఆలోచించి లేచింది.

"మేడం, ఒచ్చే వారం మీరు ఉప్మా చెయ్యిండ్రి. సారు పాఠం చెప్తడు."

"వద్దు బిడ్డా. పాఠం మాడితే మళ్లీ వండలేం," అంది మా ఆవిడ.

ఎదురు చెప్పాలని గరిటె పైకెత్తాను. పిల్లలు అది చూసి వడ్డిస్తున్నాననుకుని పళ్లేలు చాచారు.