నిటారుగా చూపిన నేరం

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో సంవత్సరాన, ఎమ్మిగనూరు పాతసామాన్ల వ్యాపారి చోటే సాబ్ యావదాస్తి రెండు వస్తువులు: భార్య కుట్టుమిషన్‌ను మార్పిడికిచ్చి తెచ్చిన ఇత్తడి దుర్భిణి, ఆ భార్య హజరా బీ కోపం. రెండోదే బరువు.

"రంజాన్‌లోపు మిషన్ ఇంటికి రాకుంటే నువ్వూ రావద్దు. ఆ గొట్టంలోంచే నన్ను సూసుకో!" అందామె. ఆ ఇంటికి కూడు కుట్టుపనే.

దుర్భిణిని విప్పి చూశాడు చోటే సాబ్. ముందున్న పెద్ద అద్దం బొమ్మను తలకిందులు చేస్తోంది. గొట్టం లోపలి రెండు చిన్నద్దాలు దాన్ని మళ్ళీ నిలబెడుతున్నాయి. నేలమీది మనుషుల్ని చూసే దుర్భిణి గనుక, చేసినవాడు ఆ తిప్పలు పడ్డాడు.

ఆదోనిలో పత్తిమిల్లు యజమాని దేవేంద్రప్ప ఉన్నాడు. పురాతన విజ్ఞాన పరిరక్షణ సంఘానికి స్థాపకుడు, అధ్యక్షుడు, చందా కట్టిన ఏకైక సభ్యుడు. చోటే సాబ్ అమ్మకానికి తెచ్చిన దుర్భిణిలో, మేడెక్కి కొండను చూసి ఆయన మండిపడ్డాడు.

"ఏం సాబ్, మోసం చేస్తాండావా? కొండ నిటారుగా కనపడతాంది!"

"కొండ నిటారుగానే ఉంది కదన్నా!"

"అందుకే ఇది నకిలీ! బళ్ళారి కాలేజీ దుర్భిణిలో సందమామను సూసినా. తలకిందులుగా ఉన్న్యాడు. అసలైన దుర్భిణి అట్లనే సూపిస్తాది!"

చందమామకు తల ఎటో, కాళ్ళెటో చోటే సాబ్ అడగలేదు. వాదన గెలిచిన వ్యాపారికి సరుకే మిగులుతుంది.

"తప్పయిపాయన్నా. అసలుది హొళగుందలో ఉంది. రెండు దినాల్లో తెస్తా."

రెండు రోజులకు అదే దుర్భిణి, రెండద్దాలు తక్కువగా, మేడెక్కింది.

"ఆహా! ఎద్దులబండి ఆకాశంలో పోతాందప్పా! ఇదీ అసలు సరుకంటే!"

అడిగిన ధర వచ్చింది. రంజాన్ ముందే హజరా బీ ఇంట్లో మిషన్ తిరిగింది. ఆదోని పెద్దమనుషులు వరసగా నిలబడి, తమ ఊరిని తలకిందులుగా చూసి, ఊరి నిజస్వరూపం ఇన్నాళ్ళకు కనబడిందని మెచ్చుకున్నారు.

నెల తిరక్కముందే దేవేంద్రప్ప సంచిలో దుర్భిణి దాచుకుని ఎమ్మిగనూరు వచ్చాడు. అంగట్లో ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"సాబ్, నా మిల్లులో ఎవడో పత్తి మూటలు మోసకపోతాండాడు. మేడమీద నుంచి సూస్తే కాళ్ళు పైన, మొగం కింద! వాడెవడో గుర్తుపట్టేలోగా మాయం. ఆ నకిలీది ఉందా, అమ్మేసినావా?"

"గొట్టం లేదన్నా. దాన్ని నకిలీ చేసిన అద్దాలు మాత్రం ఉండాయి. మీ దాంట్లో బిగిస్తే సరి. కానీ ధర..."

"ఎంతైనా కానీ! బిగించు. ఎవురికీ సెప్పొద్దు. పెద్దోళ్ళొచ్చినప్పుడు ఆ అద్దాలు తీసి దాస్తాలే."

చోటే సాబ్ బిగించాడు. మొదటి ధరే మళ్ళీ తీసుకున్నాడు.

చివరి లెక్క ఇది: దుర్భిణి మొదట ఎట్లుందో అట్లే అయింది. ఒక్క అద్దం ఎక్కువ లేదు, తక్కువ లేదు. దేవేంద్రప్ప మాత్రం దాన్ని రెండుసార్లు కొన్నాడు. ఊరు చూడ్డానికి ఒకసారి, తాను చూడ్డానికి ఒకసారి.