అత్తగారి తరగతి

అమ్మవారి దర్శనం కూడా ఒక రకమైన రైలు ప్రయాణమేనన్న మహాసత్యం లోకంలో అందరికంటే ముందు తెలిసింది బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్లకే. ఆ సత్యాన్ని కనిపెట్టినవాడు త్రినాథరావు. ఆయన పగలంతా ఆఫీసులో కూర్చుని ఉద్యోగుల కుటుంబాలకు ఉచిత ప్రయాణపు పాసులు రాసే గుమాస్తా. సాయంత్రాలు తార్‌బహార్ పేట తెలుగు దసరా సంఘానికి కార్యదర్శి. పగటి కుర్చీలో అలవడిన బుద్ధులు సాయంత్రపు కుర్చీకి కూడా రావడంలో వింతేమీ లేదు.

కిందటేడు దసరా పందిట్లో తోపులాట జరిగి, ఒక గార్డుగారి భార్య కాలు బరువులు మోసే ఒక ఖలాసీ భార్య తొక్కింది. (ఖలాసీ భార్య కాలు కూడా ఎవరో తొక్కారు గాని, ఆ సంగతి సంఘం దృష్టికి రాలేదు.) అంచేత ఈ ఏడు పందిరికి మూడు ద్వారాలు పెట్టారు. మొదటి తరగతి ద్వారం దొరలకు. అక్కడ తివాచీ, కుర్చీలు, పన్నీరుబుడ్డి అన్నీ ఉన్నాయి. దొరలు మాత్రం లేరు, సెలవులకు వేటకు పోయారు. మధ్య తరగతి ద్వారం గుమాస్తాలకు, గార్డులకు. మూడో తరగతి ద్వారం ఇంజన్ల షెడ్డులో పనిచేసేవాళ్లకు, ఖలాసీలకు. రైలుకు లాగే దర్శనానికీ కుటుంబానికొక పాసు రాసిచ్చారు. అమ్మవారి ముఖం మొదటి ద్వారం వైపు తిప్పి నిలబెట్టారు. మూడో ద్వారంలోంచి చూస్తే ఆవిడ ఎడమ మోచేయి, సింహం తోక కనిపిస్తాయి. మోచేయి కూడా అమ్మవారిదే కనుక దర్శనం సంపూర్ణమైనట్టేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఈ ప్రగతి ఏదీ తెలియని అప్పయమ్మ మహర్నవమి పొద్దున్న చద్దికుండ నెత్తిన పెట్టుకుని పందిరికి బయలుదేరింది. వెంట మనవరాలు చిన్నతల్లి, అల్లుడు ఆదినారాయణ.

చిన్నతల్లికి పదిహేనో ఏడు నడుస్తోంది. తల్లి చిన్నప్పుడే పోతే బొబ్బిలి దగ్గర పల్లెలో అమ్మమ్మే పెంచి, ఊరిబడికి పంపింది. తండ్రి ఆదినారాయణ ఇక్కడ ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్. వేసవిలో ఇంజను ఆవిరి చిమ్మి అతని కుడిచెయ్యి కాలింది. చెయ్యి తీసెయ్యాల్సి వస్తుందేమోనని కబురొచ్చిన రోజున అప్పయమ్మ మొక్కుకుంది. చెయ్యి నిలిస్తే నవమినాడు అమ్మవారికి స్వయంగా చద్ది పెడతాననీ, ముందురోజు సాయంత్రం నుంచి అది పెట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టననీ. రాత్రి వండి, పెరుగు కలిపి చల్లార్చిన అన్నమే ఆ చద్ది. కోపం మీదున్న తల్లిని చల్లబరచడానికి వాళ్ల వైపు పెట్టే నైవేద్యం అదే. చెయ్యి నిలిచింది. పండగ వెళ్లగానే అతను మళ్లీ డ్యూటీకి ఎక్కాలి. మొక్కు తీరకుండా ఆ చెయ్యి ఇంజను మీద పడకూడదన్నది అప్పయమ్మ భయం. అందుకోసమే మనవరాలిని వెంటబెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రైలెక్కి వచ్చింది.

పండగనాటి పట్నం ఎలా ఉంటుందో చిన్నతల్లి ఆ పొద్దున్నే చూసింది. మస్తూరీ పల్లెల వైపు నుంచి వచ్చిన ఎడ్లబళ్లు స్టేషను దాకా బారులు తీరి ఉన్నాయి. బళ్లలోంచి దిగినవాళ్లు స్టేషనుకు కట్టిన ఎలక్ట్రిక్ దీపాలను పట్టపగలే, అవి వెలగకపోయినా, నోరు తెరుచుకుని చూస్తున్నారు. బెంగాలీ బాబుల పందిట్లో డోళ్లు మోగుతుంటే బాబులు ధూపం పొగలో దగ్గుతూ ఆనందిస్తున్నారు. విజయనగరం నుంచి వచ్చిన పులివేషగాడు గోడ నీడన కూర్చుని, తోక ఒళ్లో పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. జిలేబీ కొట్టు ముందు ఒకాయన ఏ జిలేబీ పెద్దదో తేలక కొట్టువాడితో వాదం పెట్టుకున్నాడు. అప్పయమ్మ ఆ వాసనకు మొహం అటు తిప్పి, కుండ సర్దుకుంది. నిన్న సాయంత్రం నుంచి ఆవిడ గొంతులో చుక్క నీరు దిగలేదు. నడక మాత్రం చిన్నతల్లి కంటే ముందే ఉంది.

మూడో ద్వారం దగ్గర సింహాచలం నిలబడి ఉన్నాడు. ఆయన ఉద్యోగం రైలు గేటు దగ్గర జెండా ఊపడం. ఇక్కడా ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని భక్తులను ఆపుతూ, వదులుతూ ఉన్నాడు. ఆదినారాయణ చూపించిన దర్శనపు పాసు అటూ ఇటూ తిప్పి చూసి ఎర్రజెండా ఎత్తాడు.

“ఏటి మావా, పాసులో నువ్వూ నీ కూతురే గదా ఉన్నారు. ఈ ముసలమ్మ నేదు.”

విషయం త్రినాథరావు దాకా వెళ్లింది. ఆయన పందిరి పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని, ప్రసాదం బియ్యం తూచడానికి పార్సిలాఫీసు నుంచి తెచ్చిన పెద్ద కాటా మీద ఒక కాలు పెట్టుకుని కూర్చున్నాడు.

“భార్య, పిల్లలు, పెళ్లికాని చెల్లెళ్లు, వితంతువైన తల్లి. కుటుంబమంటే ఇంతే,” అన్నాడు ఆయన ఓపిగ్గా. “ఇందులో అత్తగారెక్కడుందో చూపించు.”

“నేదండి. నా పిల్లని పెంచింది ఈవిడేనండి,” అన్నాడు ఆదినారాయణ.

“అచ్ఛా. నీ భార్య ఏదీ?”

“పోయింది కదండి. మీకు తెల్సును గదా.”

“నేనూ అదే చెప్తున్నా. భార్యే లేనప్పుడు అత్తగారెలా ఉంటుందయ్యా? లైను పీకేసిన చోట స్టేషనుంటుందా?”

పీకేసిన లైను తన తల్లి అని అర్థం కావడానికి చిన్నతల్లికి కొంచెం సేపు పట్టింది. తండ్రి తల వంచుకుని కాలిన చేతిని కండువాలో దాచుకున్నాడు. అప్పయమ్మ పరాయి మగవాళ్లతో మాట్లాడే మనిషి కాదు. మనవరాలి వైపు తిరిగి అంది.

“అమ్మీ, ఆ బాబుతో సెప్పు. నాకు కుర్సీ ఒద్దు, తివాసీ ఒద్దు. తల్లి కాడ ఈ కుండ దించేసి ఎల్లిపోతాను.”

త్రినాథరావు నిర్దయుడు కాదు. పాసు లేని బయటివాళ్లకు కూడా సంఘం దర్శనం ఏర్పాటు చేసిందనీ, అది ఏకాదశినాడనీ చెప్పాడు. దశమికే అమ్మవారిని అర్పా నదిలో కలిపేస్తారు కదా అని ఆదినారాయణ సందేహం వెలిబుచ్చాడు. పందిరి ఉంటుందనీ, రద్దీ ఉండదు గనుక నిదానంగా చూసుకోవచ్చుననీ కార్యదర్శి అభయమిచ్చాడు. అయినా ముసలావిడ కదలకపోయేసరికి, ఆయన కాసేపు ఆలోచించి ఒక వెసులుబాటు కనిపెట్టాడు. ప్రతి పాసు మీదా కొంత సామాను ఉచితంగా తీసుకెళ్లవచ్చు. అత్తగారు కుటుంబం కాకపోవచ్చు గాని, సామాను కాదని ఏ నిబంధనలోనూ లేదు.

అలా అప్పయమ్మను కాటా ఎక్కించారు. పల్లెలో సగం కడుపుతో బతికిన మనిషి కావడం వల్ల తండ్రీ కూతుళ్ల సామాను వాటాలో సరిగ్గా ఇమిడిపోయింది. కుండ మాత్రం మిగిలింది. కుండను విడిగా పార్సిలుగా ఇవ్వాలన్నాడు కార్యదర్శి. పెరుగన్నం పాడయ్యే సరుకు కాబట్టి దానికి వేరే కిటికీ ఉందనీ, కిటికీ సాయంత్రం తెరుస్తారనీ అన్నాడు. ఆవిడ ముందు వెళ్లి, కుండ తరవాత రావచ్చు. అయితే లోపల మొక్కు తీర్చడం మాత్రం కుదరదు, సామాను మొక్కులు తీర్చదు. (ఇంత సౌకర్యం మరే తీర్థంలోనూ ఉండదని పక్కనున్న సంఘ సభ్యుడొకడు మెచ్చుకున్నాడు.)

కాటా మీద అమ్మమ్మ ఎండిన పెదాలను చెంగుతో తుడుచుకోవడం చిన్నతల్లి చూసింది. పరాయివాళ్ల ముందు ఆ పిల్ల నోరు విప్పడం ఎవరూ ఎరగరు. అలాంటిది అప్పుడు చాలా మెల్లగా అడిగింది.

“సామానుకి దాహమేస్తుందాండీ?”

త్రినాథరావు దీన్ని తనకొచ్చిన పెద్ద చిక్కుగా భావించి, నుదురు రుద్దుకున్నాడు.

“మంచి ప్రశ్న అడిగావమ్మాయ్. దాహమేస్తే సామాను కాదు. పశువుల కింద జమ. పశువులకు లోపలికి దారి లేదు, వెనక షెడ్డు వైపు కట్టెయ్యాలి.”

అప్పయమ్మ కాటా దిగింది. కుండ నెత్తిన పెట్టుకుంది. ఎవరినీ తిట్టలేదు. షెడ్డు ఎటో మీ నాన్నని అడగమని మనవరాలితో అంది.

ఆ రోజు ఆయుధపూజ. ఇంజన్ల షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఇంజన్లకు స్నానాలు చేయించి, అరటిపిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజను దేవుడన్న సంగతి సంఘానికింకా తట్టలేదు కనుక అక్కడ పాసు అడిగేవాళ్లు లేరు. తన చెయ్యి కాల్చిన ఇంజను ఏదో ఆదినారాయణ చూపించాడు. లోపల ఆవిరి కట్టి ఉంది. ఆయాసపడే మనిషిలా అది బుసకొడుతోంది.

“కోపం దీనికి గదా,” అంది అప్పయమ్మ. “సల్లబడాల్సింది ఇదే.”

చెంగు ముడిలోంచి పసుపు తీసి అరిచేత్తో ఇంజను మొహాన అద్దింది. చక్రాల ముందు ఆకు పరిచి, చద్దంతా అందులో దించి, చీర చెంగు మెడచుట్టూ వేసుకుని దండం పెట్టింది. బొగ్గు మసితో నిలబడ్డ షెడ్డువాళ్లు టోపీలు తీశారు. అల్లుడితో ఏనాడూ నేరుగా మాట్లాడని మనిషి, అతని కాలిన చెయ్యి పట్టుకుని ఆ పసుపులో ఆనించింది.

“ఇంక ఎక్కు నాయనా. ఏటీ సెయ్యదు.”

తరవాత ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం కింద దోసిలి పట్టి తాగింది. ఆవిడ గొంతు కదులుతున్నంత సేపూ చిన్నతల్లి కన్నార్పలేదు.

మధ్యాహ్నానికి కబురు పాకింది. మోచేయి దర్శనం చేసుకుని వచ్చిన ఆడవాళ్లంతా మళ్లీ కుండలెత్తుకుని షెడ్డుకు నడిచారు. మూడో ద్వారం దగ్గర సింహాచలం ఎవరూ లేని దారికి చాలాసేపు పచ్చజెండా ఊపాడు.

ఆదినారాయణ డ్యూటీకి ఎక్కిన రోజునే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. గుర్తింపు లేని దైవానికి, అర్హత లేని అత్తగారి ద్వారా చెల్లించిన మొక్కు చెల్లదని తీర్మానించి షెడ్డు గోడకు నోటీసు అంటించింది. ఇకముందు ఆ చెయ్యి కాలితే సంఘానికి ఎలాంటి బాధ్యతా లేదని అందులో స్పష్టంగా రాశారు. ఇంతకు ముందు కాలినప్పుడు సంఘం వహించిన బాధ్యత ఏమిటో రాయడానికి కాగితంలో చోటు చాలలేదు.