ఓర్విల్ బ్రాంట్ రెండోసారి పోవడం

ఆ గురువారం పొద్దున ఆర్డిస్ బ్రాంట్‌కు మూడే పనులు. వారపత్రిక అందుకోవడం, కత్తెరతో అందులోంచి ఒక ముక్క కత్తిరించడం, ఆ ముక్కను తీసుకెళ్ళి లవోన్ హార్మ్స్ మొహాన కొట్టడం.

ఈ లవోన్, అయోవా రాష్ట్రంలోని టాల్‌మన్ కౌంటీ వంశచరిత్ర సంఘానికి అధ్యక్షురాలు. కౌంటీ పుట్టి నూట పాతికేళ్ళయిన సందర్భంగా సంఘం ఒక పుస్తకం వేస్తోంది. మొదట్లో వచ్చి అయోవా నేల దున్నిన ప్రతి కుటుంబానికీ అందులో ఒక పేజీ. ఆ పేజీ కావాలంటే పెద్దాయన పోయినట్టు రెండు ఆధారాలు చూపాలి, ఒకటి కౌంటీ మరణాల రిజిస్టరు నకలు, రెండోది పత్రికలో పడిన మరణవార్త. ఆర్డిస్ తన భర్త ఓర్విల్ వాళ్ళ తాత కోసం రెండుసార్లు దరఖాస్తు పెడితే, లవోన్ రెండుసార్లూ తిప్పి పంపింది. "ఇంట్లో చెప్పుకునే కబుర్లు చరిత్ర కాదమ్మా" అంది. లవోన్ తాతగారి పేజీ మాత్రం మొట్టమొదట అచ్చుకు వెళ్ళిపోయింది. అధ్యక్షురాలిని ఆధారాలు అడిగేదెవరు?

కోర్టు భవనం చుట్టూ మూడుసార్లు తిరిగి ఆర్డిస్ రిజిస్టరు నకలు సంపాదించింది. 'ఓర్విల్ బ్రాంట్, 1923, రొమ్ముకు దెబ్బ' అని ఉంది అందులో. మనవడికి పెట్టింది ఆ తాత పేరే. తాత పొలం దున్నుతూ దున్నుతూనే పోయాడని బ్రాంట్ల ఇంట్లో చెప్పుకుంటారు. ఇక మరణవార్త ఒకటే బాకీ. అది కూడా పాత సంచికల్లో దొరికిందనీ, ఈ గురువారం 'డెబ్బై అయిదేళ్ళ కిందట' శీర్షికలో వేస్తాననీ పత్రిక నడిపే మెర్విన్ కబురు చేశాడు. దరఖాస్తుకు గడువు శుక్రవారం నాలుగింటి దాకా ఉంది.

ఓర్విల్ ఇంట్లో లేడు. మంగళవారం తెల్లవారుజామునే చేపలు పట్టడానికి ఉత్తరాన మినెసోటా సరస్సుకు పోయాడు. పోతూ పోతూ, "పోయినవాళ్ళని పోనివ్వరాదూ? నలభై ఏళ్ళ నుంచి బతికున్నవాడు పక్కనే ఉంటే ఒక్క ప్రశ్న అడగవు" అన్నాడు. "నువ్వూ పో" అంది ఆర్డిస్, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

పత్రిక వచ్చింది. నాలుగో పేజీలో ట్రాక్టర్ల ప్రకటన ఒకటి సగం పేజీ మింగేసింది. మిగిలిన చోటులో మెర్విన్ వార్తను ఇరికించాడు కానీ, ఇరికించడంలో పైన శీర్షికా కింద చివరి వాక్యాలూ ఎగిరిపోయాయి. మిగిలింది ఇది:

'మన మండలంలో పేరెన్నికగన్న రైతు ఓర్విల్ బ్రాంట్ గారు మంగళవారం ఉదయం కంచర గాడిద తన్నగా రొమ్ముకు దెబ్బ తగిలి, అరవై ఏడవ ఏట పరమపదించారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని సౌమ్యుడు. పరుల సొమ్ముకు ఆశపడనివాడు. వీరికి భార్య మిసెస్ ఓర్విల్ బ్రాంట్, ఇద్దరు కుమారులు కలరు. శనివారం పది గంటలకు లూథరన్ చర్చిలో ప్రార్థన, పిమ్మట భోజనాలు.'

చచ్చినవాడి కళ్ళు చారెడు అనుకుని ఆర్డిస్ సంబరంగా కత్తెర తీసింది. ముక్క చేతిలో పడ్డాక గానీ ఆమెకు తట్టలేదు. ఇంట్లో ఉన్న ఓర్విల్‌కూ అరవై ఏడే. కొడుకులూ ఇద్దరే. ఇక మిసెస్ ఓర్విల్ బ్రాంట్ అంటే నలభై ఒక్క ఏళ్ళుగా తనే. ఇలా అనుకునేలోపే తలుపు చప్పుడైంది.

పక్కింటి ఫెర్న్, చేతిలో చీజు వేసి కాల్చిన బంగాళాదుంపల గిన్నె. అడుగున ప్లాస్టరు మీద ఆమె పేరు రాసుంది. ఎవరైనా పోయారని తెలిస్తే ఆ ఊళ్ళో కన్నీళ్ళ కంటే ముందు బంగాళాదుంపలు వస్తాయి.

"ఒక్కదానివీ ఎలా ఉన్నావే?" అంది ఫెర్న్ వాటేసుకుని. "అయినా చేపల కోసం పోయినవాడికి గాడిదతో ఏం పని?"

"ఓర్విల్ పోలేదే. అది వాళ్ళ తాత సంగతి. పాత వార్త."

"అలాగే అనుకో తల్లీ. దారిలో, ఇంకా గాడిదలతోనే దున్నుకునే ఆ ఆమిష్ వాళ్ళ పొలం దగ్గర ఆగుంటాడు. ఎక్కడ కట్టేసిన జంతువు కనబడ్డా వీపు నిమరందే కదిలే రకం కాదుగా."

పది గంటలకు పాస్టర్ డీన్ వచ్చాడు. ఈ ఊరికి కొత్త. ఆర్డిస్ ఆయనకు విషయమంతా విడమరిచి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"నమ్మలేకపోవడం దుఃఖంలో మొదటి మెట్టు, ఆర్డిస్ గారూ. తర్వాత కోపం వస్తుంది. రానివ్వండి."

"నాకు కోపమేమిటండీ, బతికున్న మనిషిని పట్టుకుని మీరంతా..."

"చూశారా, వచ్చేసింది" అన్నాడు పాస్టర్ మెచ్చుకోలుగా.

ఆర్డిస్ రిజిస్టరు నకలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాస్టర్ చదివి నిట్టూర్చాడు. "తాతగారూ రొమ్ముకు దెబ్బ తగిలే పోయారా? పాపం, వంశంలోనే ఉందన్నమాట."

మెర్విన్‌కు ఫోన్ చేద్దామంటే, అతను గురువారం పత్రిక పంచేసి మళ్ళీ శనివారం దాకా ఊళ్ళో ఉండడు. సాయంత్రానికి వంటింటి బల్ల మీద పదిహేడు గిన్నెలు, కాల్చిన పందితొడ హామ్‌లు రెండు, ఎర్ర జెల్లీలు నాలుగు చేరాయి. వచ్చినవాళ్ళంతా కుర్చీలు లాక్కుని ఓర్విల్ గురించి చెప్పుకున్నారు. వడగళ్ళ వానలో ఎవరి ఇంటికప్పు మీదకో ఎక్కి పట్టా కప్పాడట. ఫెర్న్ వాళ్ళాయన ఆసుపత్రిలో ఉన్న నెల్లాళ్ళూ వాళ్ళ ఆవులకు పాలు పితికాడట. ఇవేవీ ఆర్డిస్‌కు తెలియవు. ఓర్విల్ చెప్పలేదు, తను అడగనూ లేదు. తాతలందరి పుట్టిన తేదీలూ ఆమెకు నోటికొచ్చు.

శుక్రవారం పొద్దున సరస్సు దగ్గర ఎరలమ్మే కొట్టుకు ఫోన్ చేసింది. "ఓర్విలా? ఈ వారం మా కొట్టు వైపు రానే లేదే" అన్నాడు కొట్టువాడు.

ఆర్డిస్ ఫోన్ పెట్టేసి కూలబడింది. ఊరంతా చెప్పేది నిన్నటి నుంచి కాదంటూ వచ్చిన మనిషి, ఇప్పుడు మొదటిసారి అవునేమో అనుకుంది. తను అతనితో అన్న ఆఖరి మాట 'పో'. తల కూడా ఎత్తలేదు. ఆ పేజీ, ఆ పుస్తకం, లవోన్ మొహం, ఏవీ వద్దనిపించింది. కొక్కేనికి ఓర్విల్ పాత కోటు వేలాడుతోంది. దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మూడున్నరకు లవోన్ హార్మ్స్ వచ్చింది. ఆమె గిన్నె అన్నిటికంటే పెద్దది. బల్ల మీద చోటు కోసం అటూ ఇటూ జరుపుతుంటే దరఖాస్తు కాగితాలు కంటబడ్డాయి. పక్కనే కత్తిరించిన ముక్క.

"ఈ స్థితిలో కూడా తాతగారి పేజీ గురించే ఆలోచిస్తున్నావా తల్లీ?" అంది లవోన్. పర్సులోంచి కలం తీసి, దేనినీ చదవకుండా సంతకం పెట్టేసింది. "నీకోసం, ఓర్విల్ కోసం. పేజీ ఖాయం."

"లవోన్ గారూ, ఓర్విల్ పోయాడని మీకెలా తెలుసు?" అంది ఆర్డిస్ ముక్కు తుడుచుకుంటూ. "ఒక్క పత్రిక ముక్కేగా. రెండు ఆధారాలు ఉండాలన్నారుగా?"

"ఊరంతా చెబుతుంటే ఇంకా ఆధారమేమిటమ్మా" అంది లవోన్.

శనివారం పది గంటలకు చర్చి నేలమాళిగ నిండిపోయింది. పాస్టర్ తనే కారు వేసుకొచ్చి ఆర్డిస్‌ను తీసుకెళ్ళి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమెకిప్పుడు కాదనే ఓపిక లేదు. భౌతికకాయం ఉత్తరాది నుంచి వస్తోందని ఎవరో అన్నారు.

అది నిజమే. పావు తక్కువ పదకొండుకు వచ్చింది, తనే కారు నడుపుకుంటూ. చర్చి ముందు అన్ని బళ్ళు చూసి ఎవరివో చావు భోజనాలనుకుని ఓర్విల్ దిగాడు. నాలుగు రోజుల గడ్డంతో, చేపల వాసనతో వరసలో నిలబడి పళ్ళెం పట్టాడు.

"ఎవరు పోయారు?" అని అడిగాడు.

"ఓర్విల్ బ్రాంట్" అంది వడ్డించే ఆవిడ తలెత్తకుండా. "గాడిద తన్నిందట."

"నాకు తెలిసినవాడే. ఇంకో హామ్ ముక్క వెయ్యండి."

ఆ గొంతు ఆర్డిస్‌కు వినబడింది. కుర్చీలన్నీ తప్పించుకుంటూ వచ్చి, పళ్ళెంతో సహా అతన్ని పట్టుకుంది. "ఫోన్ చెయ్యడానికి చేతులు పడిపోయాయా?" అంది, అతని చొక్కాలో మొహం దాచుకుని. "నువ్వు పొమ్మన్నావుగా" అన్నాడు ఓర్విల్, ఏమీ అర్థంకాక ఆమె వీపు నిమురుతూ.

అందరికంటే ముందు తేరుకున్నది లవోన్. "అయితే నేను పెట్టిన సంతకం చెల్లదు. పోయినవాడు పోలేదు."

"పోయినవాడు ఎప్పుడో పోయాడు, అది వాళ్ళ తాత వార్తేనని రెండ్రోజుల నుంచి గొంతు చించుకుంటున్నాను" అంది ఆర్డిస్.

అప్పుడే ఊళ్ళోకొచ్చిన మెర్విన్, సంగతి విని, పాత సంచిక పూర్తి నకలు పట్టుకుని రొప్పుతూ మెట్లు దిగాడు. శీర్షిక పోయినందుకు క్షమించమన్నాడు. చివరి రెండు వాక్యాలు కూడా పోయాయన్నాడు.

"సగం కాగితం ఆధారం కాదు" అంది లవోన్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "పూర్తి పాఠం ఉండాలి. పుస్తకంలోనూ పూర్తిగానే పడాలి. ఇలా తే." కళ్ళజోడు పెట్టుకుని అందరికీ వినబడేలా చదివింది.

"'సదరు గాడిద సోమవారం రాత్రి ఎర్న్‌స్ట్ హార్మ్స్ గారి కొట్టంలోంచి మాయమైనదేనని తెలిసింది. గాడిదను వారికి అప్పగించడమైనది.'"

ఎర్న్‌స్ట్ హార్మ్స్ లవోన్ తాత.

"మా తాత డైరీలో ఈ ముక్క ఉంది" అంది లవోన్ మెల్లగా, ఆమె మొహం వికసిస్తుండగా. "'గాడిద ఇల్లు చేరింది, ఒకణ్ణి తన్నింది' అని. ఆ ఒకడెవరో ఇన్నేళ్ళుగా తెలియలేదు. చూడు ఆర్డిస్, నువ్వు కావాలంటే పేజీ మానుకోవచ్చు."

జనమంతా ఆర్డిస్ వైపు చూశారు. ఆమె ఓర్విల్ వైపు చూసింది. అతను జెల్లీ తింటున్నాడు.

"వెయ్యండి" అంది ఆర్డిస్. "మొత్తం వెయ్యండి. డైరీ ముక్కతో సహా."

తర్వాతి వారమంతా ఇద్దరూ ఊరు తిరిగి, అడుగున పేర్లు చూసుకుంటూ గిన్నెలు తిరిగి ఇచ్చారు. దారిలో ఆర్డిస్ చాలా ప్రశ్నలు అడిగింది, ఓర్విల్ చాలావాటికి జవాబు చెప్పాడు. పుస్తకం శరదృతువులో వచ్చింది. ఎనభై ఆరు కుటుంబాలు, ఎనభై ఆరు పేజీలు, అందరి తాతలూ మహానుభావులే. రెండుకు మూడు ఆధారాలతో నిరూపణ అయిన పేజీ మాత్రం గాడిద దొంగది ఒక్కటే.