ఒక్క ఫొటో, నూట పదహార్లు

ఒక్క ఫొటో పంపి రేటు చెప్పమనే కస్టమర్‌ను మించిన ఉపకారి ఈ భూమ్మీద లేడు!

నవ్వకండి. ఈ సత్యం నాకు మొన్న శుక్రవారం సింగపూర్‌లో, యీషున్ హాకర్ సెంటర్ తిండి దుకాణాల మధ్య తెలిసింది. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను, అంటే ఇక్కడి పద్ధతిలో సీటు ఆపుకున్నాను. కుడివైపు జ్ఞానదంతం సలుపుతోంది కాబట్టి టోస్టును ఎడమవైపే నములుతూ, కాఫీ క్యూలో నిలబడ్డ మా ఆయన వీపును మురిపెంగా చూసుకుంటున్నాను. పెళ్ళయి ఏడు వారాలే అయింది లెండి. వీపు కూడా ముద్దుగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వాట్సాప్ మోగింది.

"అమ్మాయ్, మా గ్లాస్ రూమ్ క్లీన్ చేయాలి. చిన్న పనే. ఫొటో పెట్టాను, రేటు చెప్పు. మనవాళ్ళమే కదా!"

పంపింది జనార్ధనరావు అంకుల్. పాయా లేబర్‌లో పళ్ళ డాక్టర్. ఇంటి వెనక పూర్తిగా గాజుతో ఒక గది కట్టించుకుని, అందులో ఆర్కిడ్లు పెంచుకుంటున్న అదృష్టవంతుడు.

మొట్టమొదటి ఆర్డర్! మా ప్రణవ్ జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, నిచ్చెనా బకెట్లూ కొనుక్కుని కిటికీలు కడిగే వ్యాపారం పెట్టి అప్పటికి నెల. ఇల్లు నా జీతంతో నడవాలి, హనీమూన్ తన సంపాదనతో జరగాలి. అదీ మా ఒప్పందం. పక్కనే ఇండోనేషియా దీవి బింటాన్‌లో రెండు రాత్రులు చాలనుకున్నాం. ఫెర్రీలో గంట ప్రయాణం. ఆ గంట దూరం మాకు ఏడు వారాలుగా తరగడం లేదు.

ఫొటోలో ఆరు గాజు పలకలున్నాయి. గోడ పలకకు పది డాలర్లు, కప్పు పలకకు ఇరవై, ఇదీ ప్రణవ్ లెక్క. అంటే అరవై. కానీ బోణీ బేరానికి సున్నాతో ముగిసే అంకె చెబుతారా ఎవరైనా? నేను పద్ధతి తెలిసిన పిల్లను. "నూట పదహారు, అంకుల్!" అని పంపేశాను. దాదాపు రెట్టింపు! ప్రణవ్ కాఫీ తెచ్చేలోపే వ్యాపారం ముగించాను. ఎంబీయే ఊరికే పోతుందా?

కొందరు అనుమానప్పక్షులుంటారు. వెళ్ళి చూస్తారు, కొలుస్తారు, కప్పు సంగతి అడుగుతారు, పోయినసారి ఎప్పుడు కడిగారని ఆరా తీస్తారు. అలాంటివాళ్ళ బతుకులో ఆశ్చర్యానికి చోటెక్కడ? నేను ప్రణవ్‌నే ఒక్క ఫొటో చూసి ఒప్పుకున్నాను. గురక ఫొటోలో పడలేదు. అయినా సుఖంగా లేనా?

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా సామాను దించాం. గది చూడగానే ప్రణవ్ చేతిలో బకెట్టు కింద పెట్టి చుట్టూ తిరిగి చూశాడు. ఆర్కిడ్ బుట్టల వెనక మూడు గోడలు. లెక్కపెడితే గోడలకే ఇరవై రెండు పలకలు! పైన గాజు కప్పుకు మరో పద్దెనిమిది, పచ్చని నాచుతో సహా. అది కట్టించిన దగ్గర్నుంచి ఎవరూ ముట్టుకోలేదట.

"అంకుల్, రూఫ్ కూడా ఉందని చెప్పలేదే లా!" అన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగి, మాట చివర సింగపూర్ 'లా' తగిలించే మా ఆయన.

"గదన్నాక కప్పుండదా బాబూ!" అన్నారు అంకుల్.

ఎంత నిజం! అసలు లెక్క ఐదొందల ఎనభై. అంటే సరిగ్గా ఐదు నూట పదహార్లు. శుభం ఐదింతలైతే మంచిదే కదా? కాకపోతే నాలుగింతలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

మొదలుపెట్టబోతే అంకుల్ భార్య అరుంధతి ఆంటీ ఆపారు. "తొమ్మిది నుంచి రాహుకాలం నాయనా. బోణీ పని!"

"ఏ దేశం టైమ్ ఆంటీ?" అని ప్రణవ్ అడగకుండా ఉండాల్సింది. ఆంటీ ఆలోచనలో పడ్డారు. ఎందుకైనా మంచిదని సింగపూర్ రాహుకాలం, ఆ తర్వాత ఇండియా రాహుకాలం, రెండూ పాటించాం. ఇండియా గడియారం రెండున్నర గంటలు వెనక కాబట్టి ఒంటిగంటకు ముహూర్తం కుదిరింది.

నడినెత్తిన ఎండలో గాజు కప్పు కడగడం ఎంత గొప్ప వ్యాయామమో మీకు తెలుసా? రాసిన సబ్బు రాసినట్టే ఎండి చారలు కడుతుంది. కడిగిందే మళ్ళీ కడగాలి. దంపతులు కలిసి గడపడానికి ఇంతకన్నా ఏం కావాలి? కప్పు మీద కాలు పెట్టకూడదు కాబట్టి, ప్రణవ్ నిచ్చెన మీద నుంచి పొడవాటి బ్రష్షు చాచాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని, నా మీద పడుతున్న నాచును ప్రేమగా స్వీకరించాను.

"ఎలాగూ నిచ్చెన ఎక్కారుగా, ఆ ఫ్యాన్లు కూడా తుడిచేయండి నాయనా," అన్నారు ఆంటీ. తుడిచాం. "ఎలాగూ నీళ్ళున్నాయిగా, కారు..." కారూ అయింది.

ఆరింటికి చివరి పలక మెరిసింది. ఆరూ ఐదుకు వాన దంచికొట్టింది.

ఆంటీ కప్పు వంక చూసి జాలిపడ్డారు. "అయ్యో, ఎలాగూ వానే కడిగేది కదమ్మా! ఊరికే కష్టపడ్డారు."

పళ్ళెంలో తమలపాకులు, రెండు అరటిపళ్ళు, జాకెట్టు ముక్క, వాటి మీద నూట పదహారు డాలర్లు. అక్షింతలు కూడా వేశారు. సబ్బు ఖర్చుకూ వ్యాను అద్దెకూ పోగా మాకు మిగిలినవి అరటిపళ్ళు. తియ్యగా ఉన్నాయి!

అంకుల్ అంతటితో ఆగలేదు. రాత్రే మనవాళ్ళ గ్రూపులో పెట్టారు: "మన పిల్లలు. గ్లాస్ రూమ్ నూట పదహారే. బంగారాలు!" ఇవాళ ఆదివారం. ఇప్పటికి పదకొండు ఫొటోలొచ్చాయి. ఒక్కదాంట్లోనూ కప్పు లేదు. రెండు నెలల వారాంతాలన్నీ నిండిపోయాయి. ప్రణవ్ లేచి, బింటాన్ కోసం సర్దిన పెట్టెలోంచి తువ్వాళ్ళు తీసి బకెట్లో వేశాడు.

నాకు కోపం రాలేదు. అద్దం ముందు నిలబడి, ముందు పళ్ళు ఆరూ కనబడేలా నవ్వి, ఒక ఫొటో తీసుకున్నాను. అంకుల్‌కు పంపాను: "చిన్న పనే అంకుల్. నూట పదహారుకు చేసేస్తారు కదూ? మనవాళ్ళమే కదా!"

"క్లీనింగేగా అమ్మా, రేపు వచ్చెయ్. పది నిమిషాల పని," అని జవాబొచ్చింది.

వెనక అడ్డంగా పెరిగిన జ్ఞానదంతం ఫొటోలో పడలేదు. నోరన్నాక వెనక పళ్ళుండవా?

రేపు సగం రోజు సెలవు పెట్టాను. రెండు దేశాల రాహుకాలాలూ చూసుకుని మధ్యాహ్నం పన్నెండుకు పాయా లేబర్ వెళ్తున్నాం. పళ్ళెం, తమలపాకులు, అరటిపళ్ళు, అదే జాకెట్టు ముక్క సర్దేశాను. ప్రణవ్‌కు కూడా రెండు పుచ్చుపళ్ళున్నాయి.

అంకుల్ ఎలాగూ లైటు వేస్తారుగా!