మూడు వేల తాటాకుల మద్దతు

ఒక పెద్ద అడవిలో చట్టాలకు కొదవ లేదు. తల మీద కప్పుకే కొదవ.

కిందటేడు ఏరు పొంగి ఒడ్డునున్న బొరియలన్నీ కూలిపోయాయి. ముప్పై కుటుంబాలు నిలువ నీడ లేకుండా పోయాయి. వాటిలో ఏదుపంది నాంచారమ్మది ఒకటి. మొగుడు ఆ వరదలోనే పోయాడు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆమె ఒక బండ వారన ఏడాదంతా గడిపింది. చలి ఎలాగో ఓర్చుకుంది, ఎండా ఓర్చుకుంది. వానతోనే చిక్కు. చిన్నదానికి ఉబ్బసం పట్టుకుంది. ఈ వానకు కూడా తడిస్తే పిల్ల దక్కదని వైద్యం తెలిసిన ముసలి ఎలుగు మొహమాటం లేకుండా చెప్పేసింది. కాబట్టి నాంచారమ్మకు కావలసింది ఒక్కటే. ఆరుద్ర కార్తె వచ్చేలోగా పైన ఒక కప్పు.

ఆ అడవికి రెండు సభలు. కింది సభలో కుందేళ్ళు, ఉడతలు, అడవిపందులు ఉండేవి. వాళ్ళు అరుచుకున్నారు, తోసుకున్నారు, ఒకరి తోక ఒకరు తొక్కుకున్నారు. అయినా సాయంత్రానికల్లా ఒక్క వాక్యంలో తీర్మానం చేశారు: గూడు లేని ప్రతి కుటుంబానికి వంద తాటాకులు ఇవ్వవలెను. కోతులు చెట్లెక్కి మూడు వేల ఆకులు కోసి, మోపులు కట్టి, పెద్దల సభ పక్కన పేర్చాయి. అడవిలోని తాడిచెట్లన్నీ మొవ్వు తప్ప ఆకు లేకుండా బోడివైపోయాయి. ఇక పెద్దల సభ సరేననడమే తరువాయి.

పెద్దల సభలో ఎవరూ అరవరు. అక్కడున్నవాళ్ళను ఎవరూ ఎన్నుకోలేదు గనక అరవవలసిన పని వాళ్ళకు లేదు. ఆ సభకు రెండు నియమాలు. ఒకటి, సభలో పలికిన ప్రతి మాటా తాటాకు మీదికెక్కాలి, ఎక్కని మాట పలకకూడదు. రెండు, తీర్మానాన్ని వ్యతిరేకించేవాడికి ఒక గంట గడువు, సమర్థించేవాడికి గడువు లేదు. మంచిమాటకు గడువేమిటని పూర్వం ఎవరో పుణ్యాత్ముడు పెట్టిపోయాడు.

రోహిణి కార్తెలో చర్చ మొదలైంది. ముందుగా గుడ్లగూబ లేచాడు. గూడు లేనివాళ్ళు బుద్ధి లేకనే పోగొట్టుకున్నారనీ, వాళ్ళకు ఆకులివ్వడం శుద్ధ దండగనీ గంటసేపు తిట్టాడు. గడువు కాగానే కూర్చున్నాడు. రాతకని సభ దాచుకున్న సొంత ఆకులు ఆ గంటతోనే అయిపోయాయి.

తర్వాత తాబేలు కూర్మనాథం గారు లేచారు. ఆయన నలభై ఏళ్ళుగా సభ్యుడు. ఏటా ఆరుద్ర మొదటి రోజున, ఎక్కువ ఆకుల మీదికెక్కిన సభ్యుడికి నెమలీకల శాలువా కప్పుతారు. ఆయనకు ఒక్క ఏడూ కప్పలేదు. ఈసారి విషయం ఇల్లు. ఇంటి మీద మాట్లాడే హక్కు తనకు కాక ఇంకెవరికుంటుందని ఆయన నమ్మకం.

"అధ్యక్షా, ఇంటి విలువ నాకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. పుట్టిన రోజు నుంచి నేటి వరకు ఒక్క పూట కూడా నేను ఇల్లు లేకుండా ఉండలేదు. కనుక ఈ తీర్మానాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను."

బయట గట్టు మీద కూర్చున్న నాంచారమ్మ ఊపిరి పీల్చుకుంది. సమర్థించాడు, ఇక కూర్చుంటాడు అనుకుంది. పెద్దల సభకు ఆమె రావడం అదే మొదలు.

ఆయన కూర్చోలేదు. పిచ్చుక గూడు నుంచి ఎత్తుకున్నాడు. పిచ్చుక గూడు ఒక రోజు, చీమల పుట్ట ఒక రోజు, తేనెపట్టు రెండు రోజులు. అధ్యక్షుడు అడవిదున్న కళ్ళు మూసుకుని నెమరేస్తున్నాడు. లేఖరి వడ్రంగిపిట్ట ఆకు తర్వాత ఆకు తీసుకుని ముక్కుతో టకటకా పొడుస్తున్నాడు. చేతిలో ఆకులు అయిపోతే బయటికి వచ్చి, అక్కడున్న మోపు విప్పి, ఒక కట్ట లోపలికి ఈడ్చుకుపోతున్నాడు.

నాంచారమ్మ వెంటపడింది.

"అన్నా, అవి మా ఆకులు కదా?"

"మీవే చెల్లెమ్మా. మీ గురించే రాస్తున్నాను."

"రాశాక మాకిస్తావా?"

"రాశాక అవి ఆకులు కావు. రికార్డు."

మృగశిర వచ్చింది. మోపులు సగానికి దిగాయి. చిన్నదాని పిల్లికూతలు బండ అవతలికి వినిపిస్తున్నాయి. ఒకనాడు భోజన విరామంలో నాంచారమ్మ తెగించి, మడుగు దారిలో కూర్మనాథం గారికి అడ్డంగా నిలబడింది. మర్యాద కోసం ముళ్ళు మడిచి పెట్టుకుంది.

"అయ్యా, తమరు మా మేలు కోరే మాట్లాడుతున్నారు. కాదనను. ఇక చాలండి."

"చాలా? నేనింకా పునాదుల దాకా రాలేదమ్మా."

"మాకు పునాదులొద్దు, ఆకులు చాలు. మోపులు తరిగిపోతున్నాయి."

"నేను కూర్చుంటే నీ గురించి మాట్లాడే దిక్కెవరు?"

"ఆ దిక్కు లేకపోయుంటే ఈపాటికి కప్పు వేసుకునేదాన్నండి."

కూర్మనాథం గారి కళ్ళు చెమర్చాయి. దొంగ ఏడుపు కాదు, నిజంగానే చెమర్చాయి. ఆయన చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. పిల్లల వయసులూ చిన్నదాని జబ్బూ ఓపిగ్గా అడిగి తెలుసుకున్నాడు. తల లోపలికి లాక్కుని కాసేపు బాధపడ్డాడు. తర్వాత తల బయటికి పెట్టి భోజనానికి వెళ్ళాడు.

మర్నాడు సభలో, ఒక నిరుపేద తల్లి తన కాళ్ళ మీద పడి, మీరు మాట్లాడటం మానకండి బాబూ అని ఏడ్చిందని చెప్పాడు. దానికి నలభై ఆకులు పట్టాయి. గట్టు మీద కూర్చున్న నాంచారమ్మ అంతా విన్నది. కాళ్ళ మీద పడాలంటే ముందు ఆయన కాళ్ళు కనబడాలి కదా అనుకుంది. ఆ రోజు మొదలు ఆమె ముళ్ళు మడవలేదు.

ఆ తర్వాత ఆయనకు సంఘక్షేమం గుర్తొచ్చింది. ఊరికే వచ్చిన ఇల్లు జంతువును సోమరిని చేస్తుందన్నాడు. తన ఇల్లు తానే మోస్తున్నాననీ, ఇన్నేళ్ళలో ఎవరినీ సాయం అడగలేదనీ గుర్తుచేశాడు. కాబట్టి ఇల్లు పొందినవారు దాన్ని తమ వీపు మీదే కట్టుకోవాలని ఒక సవరణ పెట్టాడు. మూడు రోజులు దాని గొప్పతనం వివరించాడు. నాలుగో రోజు పేదల మనసు నొప్పించడం ఇష్టం లేక తన సవరణను తానే వెనక్కి తీసుకున్నాడు. ఆకులు మాత్రం వెనక్కి రాలేదు.

ఆరుద్రకు ముందు రోజు పొద్దున, చివరి మోపులోని చివరి ఆకు మీద ఆయన చివరి మాట ఎక్కింది. తీర్మానం నెగ్గింది. గుడ్లగూబ కూడా చెయ్యెత్తాడు. ఇక ఇవ్వడానికి ఆకు లేదని అతనికి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

నాంచారమ్మ చట్టం పట్టుకుని లేఖరి దగ్గరికి పోయింది. పడమటి కొండ మీద మబ్బు దిగుతోంది.

"చట్టం వచ్చింది చెల్లెమ్మా, ఆకే లేదు. తాళ్ళు మళ్ళీ ఆకు తొడిగితే మొదటి వంతు మీదే."

"ఒకసారి చదివి పెట్టు అన్నా."

చదివాడు. ఒక్క వాక్యమే గనక ఎంతోసేపు పట్టలేదు.

"ఖాళీ ఆకులని ఉందా అందులో?"

వడ్రంగిపిట్ట కాలితో తల గోక్కుని మళ్ళీ చదివాడు. లేదు. నెల రోజులు మాట్లాడారు గానీ ఆ ముక్క ఎవరికీ తట్టలేదు.

"రాసినవి ఇవ్వకూడదని ఉందా?"

"అదీ లేదు."

"అయితే పక్కకు జరుగు."

ముళ్ళు నిక్కబొడుచుకున్న ఏదుపందికి ఎవరు అడ్డమొస్తారు? అతను జరిగాడు. ముప్పై కుటుంబాలు రికార్డు గదిలోకి వెళ్ళాయి. దోపిడీ ఏమీ కాదు. వరసలో నిలబడి, కుటుంబానికి వంద చొప్పున, చట్టంలో ఉన్నట్టే తీసుకున్నాయి. సాయంత్రానికి ఏటిగట్టున ముప్పై కప్పులు లేచాయి. వెనకాలే వాన అందుకుంది.

మర్నాడు శాలువా కోసం ఆకులు లెక్కపెట్టబోతే కూర్మనాథం గారివి ఒక్కటీ లేవు. సభాహక్కులకు భంగం కలిగిందని చెప్పడానికి ఆయన లేచాడు. అడవిదున్న నెమరు ఆపి, రాయడానికి ఆకు లేదు గనక మాట్లాడటానికి వీల్లేదన్నాడు. ఆయన కూర్చున్నాడు. రికార్డు గదిలో మిగిలినవి సభ సొంత ఆకులే. వాటి నిండా గుడ్లగూబ తిట్లే ఉన్నాయి. ఉన్న ఆధారాలను బట్టి, గృహవసతి చర్చకు విశేష సేవ చేసినందుకు శాలువా గుడ్లగూబకు కప్పారు.

కూర్మనాథం గారు వానలో రెండు రోజులు నడిచి నాంచారమ్మ గుడిసెకు వచ్చాడు.

"అమ్మా, నా ప్రసంగం నీ దగ్గర ఉందట. ఒకసారి చూసుకుని పోతాను."

"చూసుకోండి. లోపలికి రండి."

ఆయన మెడ సాచి కప్పు వంక చూశాడు. ముక్కు మీద ఒక చుక్క పడింది. పక్కనే ఇంకొకటి పడింది.

"ఇది కారుతోందే!"

"కారుతుందండి. తమరు మా కష్టం గురించి గట్టిగా నొక్కి చెప్పిన చోటల్లా లేఖరన్న ముక్కు లోతుగా దిగింది. ఆకు తూటు పడింది."

ఒక మూల మాత్రం పొడిగా ఉంది. అక్కడ చిన్నది వెచ్చగా ముడుచుకుని నిద్రపోతోంది. పిల్లికూత లేదు. దాని మీద ఒక్క చుక్క పడటం లేదు. కూర్మనాథం గారి ముఖం విప్పారింది.

"ఆ మూల కప్పినవి నా ఏ మాటలమ్మా?"

"మాటలు కావండి," అంది నాంచారమ్మ పిల్ల మీద చెయ్యి వేసి. "తమరు మంచినీళ్ళు తాగడానికి ఆగినప్పుడు లేఖరన్న ఖాళీగా వదిలేసిన ఆకులు."

నీతి: మనల్ని తిట్టేవాడు గంటలో కూర్చుంటాడు, మన మేలు కోరేవాడు కూర్చునేలోగా వానాకాలం వస్తుంది.